తలుపుచాటు సాక్షి

దెబ్బలు తిన్న తల్లి యొడలిపై గాయము కనబడును; తలుపుచాటున నిలిచి చూచిన బిడ్డకు గాయ మెక్కడ? ఈ ప్రశ్న ఇంగ్లండు చట్టములలోని కెక్కుటకు చాలకాలము పట్టినది.

1878లో ఫ్రాన్సిస్ పవర్ కాబ్ అను విదుషి భార్యలు పడు హింసను గూర్చి వ్యాసము ప్రకటించెను. ఆ యేటనే చట్టము పుట్టెను. భార్యను ఘోరముగా కొట్టి శిక్షితుడైన భర్తవలన నామెకు మరల ప్రమాదము కలదని తోచినచో, మేజిస్ట్రేటు వారిని వేఱుపఱచి, పదియేండ్లలోపు బిడ్డలను తల్లి కప్పగింపవచ్చును. పదునొకండవ యేటి బిడ్డ మాట యం దెత్తలేదు! 1889 నాటి చట్టము బిడ్డలను హింసించువారిని శిక్షించెను. చూచుటయు హింసయే యని మాత్రము చెప్పలేదు.

బడిపంతుళ్లము మేమును మేలేమి? దెబ్బ కానరాని బాలుడు నిదుర చాలక పాఠము మఱచినచో మొద్దందుము. తలుపు చప్పుడునకు ఉలికిపడినచో పిఱికి యందుము. తోడివానిని కొట్టినచో బెత్తమే తీయుదుము. ఇంట జరిగినదానికి వాడిచ్చు సాక్ష్య మదియే.

2002 నాటి ఇంగ్లీషు చట్టము పరుల బాధను చూచుటవలనను వినుటవలనను కలుగు చెఱుపును హానిగా నెంచెను. 2021 నాటిది అట్టి బిడ్డనే బాధితుడనెను. మన 2005 నాటి గృహహింస చట్టము బిడ్డలను తాత్కాలికముగా తల్లి కప్పగించు నధికారము నిచ్చినది. బాధితవ్యక్తి యనగా నందు స్త్రీయే. చూచిన బిడ్డకు వేఱు పేరు లేదు.