నల్లపలక మీద తెల్లక్షరాలు

సద్దుల బతుకమ్మకు నాలుగు రోజుల ముందు మా కరీంనగర్ ఇంట్లో కంప్యూటర్ కళ్ళు మూసింది. మీట నొక్కితే లోపల ఫ్యాను తిరుగుతున్నది, దీపం వెలుగుతున్నది. తెర మాత్రం నల్లపలకే! మరో రోజైతే గుడ్డ కప్పి ఊరుకునేదాన్ని. కాని మా అత్తమ్మ పాడుతుంటే రెండేళ్ళుగా నేను టైపు చేసిన బతుకమ్మ పాటలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకోచోట నకలు పెట్టుకుందామన్న బుద్ధి నాకెక్కడిది?

"పాటలన్నీ పోయినయా బిడ్డా?" అన్నది అత్తమ్మ. ఆమెకు ఎనభై రెండేళ్ళు. మళ్ళీ పాడమనడానికి నాకు నోరెట్లా వస్తుంది?

మావాడికి ఫోన్ చేశాను. వాడు బాసర ట్రిపుల్ ఐటీలో చదివాడు. 2008లో ఆ విద్యాలయం పెట్టినప్పుడు బాసర ఆదిలాబాద్ జిల్లాలోదే. 2016లో నిర్మల్ జిల్లాలో చేరింది. అదే బాసరలో, సరస్వతమ్మ సన్నిధిలో, వాడిచేత పలక పట్టించింది నేను. ఇప్పుడు వాడు నాచేత పట్టిస్తున్నాడు, చూశారూ!

"భయపడకమ్మా, పాటలుండేది డిస్కులో. తెరది వేరే సంగతి" అంటూ పెద్ద కథే చెప్పాడు.

మా కంప్యూటర్లో ఉన్నది లినక్స్. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టింది. తెరమీద కిటికీలూ బొమ్మలూ చూపే ఏర్పాటు అంతకన్నా పాతది. 1984లో అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో పుట్టింది. దానికి ముందున్నదాని పేరు డబ్ల్యూ కనుక దీనికి ఎక్స్ అని పెట్టారట. మనం పేరుకోసం పంచాంగం చూస్తాం, వాళ్ళు అక్షరమాల చూశారు!

1990లలో లినక్స్ వాడేవాళ్ళు తమ మానిటరు క్షణానికి ఎన్నిసార్లు తెరను గీయగలదో ఆ అంకెలు చాలాసార్లు స్వయంగా ఫైలులో రాసుకోవలసి వచ్చేది. లెక్క తప్పితే కొన్ని పాత మానిటర్లు పాడైపోయే ప్రమాదం కూడా ఉండేది.

యంత్రానికీ తెరను నడిపే కార్డుకూ మధ్య దుబాసీ డ్రైవరు. కార్డు భాష కంపెనీ చెప్పకపోతే దుబాసీ ఏం చేస్తాడు? ఎన్విడియా కార్డులకోసం 2005 ప్రాంతంలో కొందరు ఔత్సాహికులు, అవి పనిచేసే తీరు గమనించి గమనించి 'నూవో' అనే డ్రైవరు రాయసాగారు. పాళ్ళు చెప్పని అత్తగారి వంటను కోడలు చూసి చూసి నేర్చుకున్నట్టన్నమాట. (మా అత్తమ్మ అట్లాంటిది కాదు సుమండీ!) 2010లో లినక్స్ దాన్ని తనలో చేర్చుకుంది. 2022లో ఆ కంపెనీయే తన డ్రైవరులో కొంతభాగం అందరికీ తెరిచి పెట్టింది.

ఇక మా ఇంటి సంగతి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కమన్నాడు. నల్లపలక మీద తెల్లక్షరాలు! పేరూ, రహస్యపదం కొట్టి, వాడు చెప్పిన రెండు ముక్కలు టైపు చేశాను. నా పాటల ఫైళ్ళన్నీ వరుసగా కనబడ్డాయి. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

దోషం ఎక్కడంటే, ముందురాత్రి లినక్స్ గుండెకాయ, అదే కెర్నెల్, కొత్తది దిగింది. డ్రైవరేమో పాతదాని కొలతకు కుట్టిన రవికె. కొత్తదానికి పట్టలేదు. మళ్ళీ ఆన్ చేస్తూ షిఫ్ట్ మీట పట్టుకుంటే జాబితా వచ్చింది. అందులో పాత కెర్నెల్ ఎంచుకోగానే తెర వెలిగింది. ఆదివారం మావాడొచ్చి కొత్త కొలతకు డ్రైవరు కుట్టిపోయాడు.

ఆ రాత్రే పాటలన్నీ రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించాను. ఒకటి బీరువాలో, ఒకటి అత్తమ్మ సందూకలో. ఆమె దాన్ని చీరమడతల్లో దాచి, "ఇంకో పాట యాదికొచ్చింది, రాసుకో బిడ్డా" అన్నది.