కోట తోరణం, రాష్ట్ర ముద్ర

కాకతీయుల రాజలాంఛనం వరాహం. ఒకప్పుడు వాళ్లు కల్యాణి చాళుక్యులకు సామంతులు. ఆ ప్రభువుల వరాహమే, స్వతంత్రులయ్యాక కూడా, వీళ్ల దగ్గర ఉండిపోయింది. ఇవాళ కాకతీయులు అనగానే గుర్తొచ్చే రాతి తోరణాన్ని ఆ వంశంవాళ్లు తమ గుర్తుగా పెట్టుకోలేదు. వాళ్లకు అది గుడి వాకిలి మాత్రమే.

ఆ గుడి ఓరుగల్లు, అంటే ఇప్పటి వరంగల్, కోట నడిబొడ్డున ఉండేది. స్వయంభూ శివాలయం. 13వ శతాబ్దంలో దాని ప్రాంగణానికి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు ఎత్తారు. నాలుగూ ఒకే అచ్చు. ఒక్కొక్కటి సుమారు 30 అడుగుల ఎత్తు. రెండు పక్కలా జంట స్తంభాలు, వాటి మీద అడ్డదూలం, దూలం కింద తలకిందులుగా వేలాడే తామర మొగ్గలు, పైన అటూ ఇటూ హంసలు. లోపలి నుంచి చూసినా బయటి నుంచి చూసినా పనితనం ఒకటే. ఇంత చెక్కడంలో ప్రధానంగా కనిపించే దేవుడి బొమ్మ లేదు. తర్వాతి కథకు ఈ సంగతి పనికొస్తుంది.

1323లో ఉలుఘ్ ఖాన్, అంటే తర్వాతి కాలపు ముహమ్మద్ బిన్ తుగ్లక్, ఓరుగల్లును గెలిచి సుల్తాన్‌పూర్ అని పేరు మార్చాడు. గుడి కూలింది, తోరణాలు నిలిచాయి. కొట్టలేక వదిలేశారనుకోవడం తేలికే గానీ, కోటను పరిశీలించిన ఫిలిప్ వాగనర్, జాన్ హెన్రీ రైస్ 2001లో వేరే మాట చెప్పారు: గుడి స్థలంలో తుగ్లక్ పాలకులు పెద్ద మసీదు కట్టుకుని, దాని నాలుగు వైపులా ఈ తోరణాలను కావాలనే ఉంచుకున్నారని. దగ్గర్లోని ఖుష్‌మహల్‌ని కూడా వాళ్లు తుగ్లక్ కట్టడంగానే లెక్కవేశారు. తరవాత మసీదూ పోయింది. గుడీ మసీదూ లేని ఖాళీ చోటు చుట్టూ నాలుగు వాకిళ్లు మిగిలాయి. ఎవరి దేవుడికీ, ఎవరి సింహాసనానికీ కట్టుబడకుండా మిగలడం వల్లనే ఆ ఆకారం తర్వాత ఎవరికి కావాలంటే వాళ్లకు చెల్లింది.

చాలాకాలం మాత్రం ఎవరూ దాన్ని వాడుకోలేదు. నిజాం రాజ్యం 20వ శతాబ్దం మొదట్లో రూపాయి నాణేల మీద చార్మినార్‌ని వేసింది. తోరణం వంతు రాలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రాజముద్రకు అమరావతి శిల్పాల్లోని పూర్ణకుంభం ఎంపికైంది. వరంగల్ జిల్లాలో అప్పట్లో గుర్తుగా చెల్లింది బొమ్మకంటే పేరు: 1959లో కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం. ఊళ్ల పొలిమేరల్లో సిమెంటు తోరణాలు లేచి ఆకారం కంటికి అలవాటు కావడం తర్వాతి ముచ్చట.

తెలంగాణ ఉద్యమానికి కోస్తా నుంచి రాని, తమదే అయిన పాత గుర్తు ఒకటి కావాల్సి వచ్చింది. 2014 జూన్ 2న రాష్ట్రంతో పాటే వచ్చిన రాజముద్రను చిత్రకారుడు ఏలే లక్ష్మణ్ గీశారు. ఆకుపచ్చ వలయం మధ్య బంగారు రంగు తోరణం, తోరణం లోపల చార్మినార్, పైన నాలుగు సింహాల స్తంభశీర్షం. చుట్టూ ఇంగ్లిషు, తెలుగు, ఉర్దూల్లో ప్రభుత్వం పేరు, అడుగున సత్యమేవ జయతే. చరిత్ర వరసలో చూస్తే 13వ శతాబ్దపు వాకిట్లో 1591 నాటి కట్టడం నిలబడింది. కాకతీయుల తెలంగాణ, కుతుబ్‌షాహీల తెలంగాణ రెండూ ఒకే చట్రంలో ఇమిడాయి కాబట్టి ముద్రగా అది తెలివైన కూర్పే. మరుసటి ఏడాది చెరువుల పూడికతీతకు పెట్టిన పేరు కూడా మిషన్ కాకతీయ.

కోటలోని అసలు తోరణాలకు అంతటి గుర్తింపు దక్కలేదు. 2010లో రామప్ప గుడి, వేయిస్తంభాల గుడితో కలిపి కాకతీయ దేవాలయాలు, తోరణాలు అన్న పేరుతో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. 2021 జులై 25న ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది రామప్ప ఒక్కదానికే.

ముద్ర మీద గొడవ 2024లో మొదలైంది. ఫిబ్రవరిలో రేవంత్ రెడ్డి ప్రభుత్వం, రాజరికపు ఆనవాళ్లు ప్రజాస్వామ్యానికి తగవంటూ, రాజముద్ర మార్చాలని నిర్ణయించింది. కొత్త నమూనాల పని చిత్రకారుడు రుద్ర రాజేశం చేతికి వచ్చింది. మే నెలాఖరుకు తోరణం, చార్మినార్ రెండూ తీసేస్తున్నారన్న మాట పొక్కడంతో ప్రతిపక్ష బీఆర్‌ఎస్ వీధికెక్కింది. హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గర, వరంగల్‌లో కోట తోరణం దగ్గర నిరసనలు జరిగాయి. జూన్ 2 వేడుకల్లో రాష్ట్ర గీతం విడుదలైంది గానీ కొత్త ముద్ర రాలేదు. దాన్ని వాయిదా వేసి, పాత ముద్రనే కొనసాగించారు.