బొమ్మ రైలు కూత

ఖుర్దారోడ్డుకు, ఖరగ్‌పూరుకు రైల్వే కొలువులకై తరలివచ్చిన మన పెద్దలకు ఆవిరి యింజను కూతయే గడియారము. 1995తో బ్రాడ్‌గేజి మార్గములపై దాని నిత్యసేవ ముగిసినది. కూత మాత్రము బొమ్మలలో మిగిలినది. ఆ కథ కొంత చెప్పుకొందము.

అమెరికాలో జాషువా లయొనెల్ కోవెన్ స్థాపించిన లయొనెల్ కంపెనీ 1935లో కూయు బొమ్మ రైలును అమ్మకమునకు తెచ్చినది. ఇంజను వెనుకనుండు బొగ్గుబండిలో చిన్న మోటారు పంకాను త్రిప్పగా, గాలి చిన్న గదులలో దూరి కూత పుట్టెడిది. మరి ఆజ్ఞ యెట్లు చేరును? రైలు నడుచునది ఏ.సి. విద్యుత్తుతో. మీట నొక్కినచో అందులో కొంచెము డి.సి. కలియును. ఏ.సి.కి చలింపని రిలే దీనికి లేచి మోటారును కదలించును. పట్టాలే తంతితీగలైనవి! ఇంతటి యుక్తిని బొమ్మయని తీసివేయుటకు మాకు మనసొప్పదు.

1990ల నుండి అసలు యింజనుల ధ్వనులనే నింపుకొన్న చిప్పులు వ్యాపించినవి. వీటికి శత్రువు మురికి. పట్టాపై ధూళి చక్రమునకు అడ్డుపడినచో విద్యుత్తు తెగి, కూత నడుమనే ఆగును. అందుకే విద్యుత్తును మోయు కప్లింగులు వాడుదురు. ఒక చక్రము తప్పినను, ప్రక్కపెట్టె చక్రము అందుకొన్న విద్యుత్తు కప్లింగు ద్వారా వచ్చును. జర్మనీలోని మార్‌క్లిన్ వారి పెట్టెలలో వరుసగా దీపములు వెలుగుటయు ఇట్టి కప్లింగుల వలననే.