పామిడికి యుద్ధం ఏ దారిన వచ్చింది

రెండో ప్రపంచ యుద్ధం మలుపులు ఏవని అడిగితే స్టాలిన్‌గ్రాడ్, ఎల్ అలమీన్, మిడ్వే, నార్మండీ అని వరసగా చెబుతారు. సైన్యాల లెక్కకు ఆ వరస సరైనదే. పామిడి దగ్గర, ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపించే పెన్న ఒడ్డున నిలబడి చూస్తే మాత్రం తేదీలు మారిపోతాయి. అనంతపురం సీమలో బాంబు పడలేదు. ఇక్కడికి యుద్ధం శెనక్కాయల ధరలో వచ్చింది, కిరసనాయిలు కొరతలో వచ్చింది, పోలీసుల వారెంటులో వచ్చింది.

1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఎవరినీ అడగకుండా భారతదేశం యుద్ధంలో ఉన్నట్టు ప్రకటించాడు. అక్టోబరు ఆఖరులో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. మద్రాసు రాష్ట్రంలో భాగమైన అనంతపురం జిల్లా గవర్నరు పాలన కిందికి పోయింది. ఊళ్లలో అప్పటికి పెద్దగా తేడా తెలియలేదు.

తేడా తెలిసింది 1940 జూన్‌లో. ఆ నెల 10న ఇటలీ యుద్ధంలో దిగడంతో మధ్యధరా సముద్రం సరుకు ఓడలకు ప్రమాదకరమైపోయింది. 14న జర్మన్లు పారిస్‌లో అడుగుపెట్టారు. ఫ్రాన్స్ ఓటమికీ రాయలసీమ ఎర్రనేలకూ సంబంధం ఏమిటి? మద్రాసు రేవుల నుంచి పోయే వేరుశెనగకు ఫ్రాన్స్‌లో పెద్ద గిరాకీ ఉండేది. మార్సెయి నూనె మిల్లులు, సబ్బు కర్మాగారాలు మన గింజల మీద ఆధారపడేవి. తక్కువ వానకు తట్టుకుంటుందని, చేతికి రొక్కం వస్తుందని మన రైతులు జొన్న, కొర్ర చేలను తగ్గించుకుని శెనక్కాయ వేయడం అప్పటికే పెరిగిపోయింది. పారిస్ పడిపోయేసరికి కొనేవాడు లేకుండా పోయాడు, ధర కుప్పకూలింది. కాయ అమ్మి అప్పు తీరుద్దామనుకున్న రైతుకు ఇంతకన్నా దగ్గరి ఓటమి ఏముంటుంది? నా లెక్కలో మన మెట్టసీమకు యుద్ధం మొదటి మలుపు ఇదే.

ఆ సంగతిని అప్పుడే కాగితం మీద పెట్టినవాడు తరిమెల నాగిరెడ్డి. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్లు. యుద్ధం జనం బతుకు మీద వేస్తున్న ఆర్థిక భారం గురించి 1940లో పుస్తకం రాసినందుకు ప్రభుత్వం ఆయన్ని జైల్లో పెట్టింది. రాజకీయ ఉపన్యాసాల కన్నా ధరల లెక్కలే దొరతనాన్ని ఎక్కువ భయపెట్టాయని నాకు అనిపిస్తుంది.

1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ యూనియన్ మీద పడ్డాడు. కమ్యూనిస్టులకు అంతవరకూ సామ్రాజ్యవాదుల కొట్లాటగా కనిపించినది కొన్ని నెలల్లోనే ప్రజాయుద్ధం అయింది. 1942 జూలైలో పార్టీ మీద నిషేధం తొలగింది. మరుసటి నెల కాంగ్రెసు క్విట్ ఇండియా అంది. పామిడికి దగ్గరలోని ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి ఆగస్టులో అరెస్టయి అమరావతి జైలుకు వెళ్లారు. ఇది విదర్భలోని అమరావతి. అక్కడ ప్రకాశం, సత్యమూర్తి, కామరాజ్, వి.వి. గిరి ఆయన తోటి ఖైదీలు. సంజీవరెడ్డి 1945 దాకా బయటికి రాలేదు. సంజీవరెడ్డి భార్య నాగరత్నమ్మ నాగిరెడ్డికి తోబుట్టువు. బావ పార్టీ యుద్ధానికి సహకరించనన్నది, బావమరిది పార్టీ ఫాసిజాన్ని ఓడించాలన్నది. రష్యా సరిహద్దులో పేలిన ఫిరంగి పెన్న పక్కన ఒక చుట్టరికం మధ్య గీత గీసింది. ఇద్దరివీ నిజాయితీ గల దారులేనని నేను నమ్ముతాను.

హిట్లర్ దాడికీ క్విట్ ఇండియాకీ నడుమే అన్నిటికన్నా పెద్ద దెబ్బ తగిలింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్, మార్చి 8న రంగూన్ జపాను చేతిలోకి పోయాయి. రంగూన్ రేవులో, మిల్లుల్లో పనిచేసిన కోస్తా తెలుగువాళ్లు వేలమంది అరకాను, మణిపురం కొండదారుల్లో నడిచి వచ్చారు. దారిలో కలరాకు, ఆకలికి పోయినవాళ్లు పోయారు. ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి గుంటూరు చేరింది. జూన్‌లో మిడ్వే దగ్గర జపాను నాలుగు పెద్ద విమానవాహక నౌకలను పోగొట్టుకుంది. వాటిలో మూడు ఏప్రిల్‌లో కొలంబో మీద దాడి చేసినవే. ఆగస్టులో సోలమన్ దీవుల దగ్గర ర్యూజో కూడా మునిగింది. మన తీరానికి భయం తగ్గింది పసిఫిక్‌లో జరిగిన ఈ పోరాటాల వల్లనే.

భయం తగ్గినా బర్మా బియ్యం తిరిగి రాలేదు. అంతకు ముందు ఏటా పది లక్షల టన్నులకు పైగా వచ్చేది. సంగటి తినే సీమకు బియ్యంతో పనేమిటనుకోవచ్చు. బియ్యం దొరకని ఊళ్లు జొన్నల కోసం వెతకడం మొదలుపెడితే మెట్ట గింజకూ రెక్కలొస్తాయి. దానికి తోడు బళ్లారి, అనంతపురం ప్రాంతాల్లో 1942–43లో కరువు. బర్మా కిరసనాయిలు ఆగిపోవడంతో దీపాలకూ కటకట వచ్చింది. నిన్నటిదాకా రొక్కపు పంటను మెచ్చుకున్న సర్కారే తిండిగింజలు ఎక్కువ పండించండని ప్రచారం మొదలుపెట్టింది.

1943 ఫిబ్రవరిలో స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్లు లొంగిపోయారు. మిత్రపక్షాల గెలుపు మొదలైన ఆ ఏడాదే మనకు బతుకు మరీ బరువైంది. బ్రిటన్ మన దేశంలో కొన్న సరుకుకు, సైన్యం ఖర్చుకు డబ్బు లండన్‌లో బాకీగా రాసుకునేవారు, ఇక్కడ మాత్రం దానికి సరిపడా నోట్లు అచ్చు వేసేవారు. యుద్ధం ముగిసేసరికి చలామణిలో ఉన్న నోట్లు ఐదు రెట్లకు పైగా పెరిగాయి. సరుకు పెరగలేదు. బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో చనిపోయారు. ఆ సంవత్సరమే నడుమ చిల్లున్న కానీ నాణెం వచ్చింది. లోహం పొదుపు చేయడానికి నాణేన్నే తొలిచారు. బట్టల వ్యాపారానికి పేరున్న పామిడి లాంటి ఊరిని ఆ జూన్‌లో వచ్చిన గుడ్డ, నూలు కంట్రోలు ఉత్తర్వు నేరుగా తాకింది. మిల్లు గుడ్డ మీద గరిష్ఠ ధర ముద్ర వేయాలన్నారు. ముద్ర ఉన్న చోట సరుకుండదు, సరుకున్న చోట ఆ ధరకు ఇవ్వరు. బ్లాకు మార్కెట్టు అనే మాట పల్లెల్లోకి పాకింది. నూలు దొరకని మగ్గాలు నిలిచిపోయాయి.

1944లో ఇంఫాల్, కొహిమాల దగ్గర జపాను వెనక్కి తగ్గింది. 1945 సెప్టెంబరు 2న లొంగుబాటు పత్రం మీద సంతకాలయ్యాయి. కంట్రోళ్లు మాత్రం పోలేదు. 1947 ఆఖరులో గాంధీజీ పట్టుబట్టడంతో సడలించారు, ధరలు ఎగిరేసరికి మళ్లీ బిగించారు. మద్రాసు రాష్ట్రంలో తిండిగింజల కంట్రోలును రాజాజీ ఎత్తివేసింది 1952 జూన్‌లో. అప్పటికి రాయలసీమ మళ్లీ కరువులో ఉంది, గంజి కేంద్రాలు నడుస్తున్నాయి. ఆ ఏడాది మొదట్లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో అనంతపురంలో బావాబావమరుదులు ఎదురెదురుగా నిలిచారు. మద్రాసులో మంత్రిగా పనిచేసి వచ్చిన సంజీవరెడ్డి మీద నాగిరెడ్డి గెలిచారు. యుద్ధం ధరల గురించి రాసి జైలుకు పోయిన మనిషికి, కంట్రోళ్ల కింద ఏళ్ల తరబడి నలిగిన జనం ఓటు వేశారు.