జోడు కత్తులు

మా కమలాపురం సమీపాన గల కోకటం, శ్రీకృష్ణదేవరాయలు అల్లసాని పెద్దనకు ఇచ్చిన అగ్రహారమని ప్రసిద్ధి. ఆ అభిమానంతో మనుచరిత్రలోని స్వరోచి వేటఘట్టాన్ని ఉత్సాహంగా బోధించేవాణ్ణి. ఒకనాడు ఒక విద్యార్థి లేచి, "అయ్యవారూ, కొట్టిన మృగాన్ని అడవిలో దేంతో కోస్తారు?" అన్నాడు. అలంకారాలన్నీ తెలిసిన నాకు ఆ జవాబు తెలియలేదు.

కొన్నేళ్ళకు, నాగలూటి, పెచ్చెరువుల మీదుగా శ్రీశైలానికి నడిచిపోతూ ఒక చెంచు వృద్ధుని నడుమున రెండు కత్తులు చూశాను. పెద్దది వెదురు నరకటానికి, బరువంతా ముందువైపే. జానెడైనా లేని చిన్నది గడ్డలు చెక్కటానికి, పూర్వం తోలు ఒలవటానికి. రెండూ మడవనివే, అలుగు పిడిలోనికంటా దిగి ఉంది.

"ఒక్కటి చాలదా తాతా?"

"చాలదు సామీ. నరికేది మరీ గట్టిదైతే అంచు పెచ్చులూడుతుంది. కోసేది మెత్తనిదైతే బిన్నా మొద్దుబారుతుంది."

1943లో వెలువడిన ఫ్యూరర్ హైమెండార్ఫ్ గ్రంథం 'ది చెంచూస్'లోనూ విల్లంబులతోపాటు గొడ్డలి, కత్తి కనిపిస్తాయి. నరకటానికొకటి, కోయటానికొకటి: జోడు పాతదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు కాలం చెల్లింది. తేనెకూ, వెదురుకూ, గడ్డలకూ ఆ జోడు అక్కర తీరలేదు.

నేను జవాబు తెచ్చేసరికి ఆ పిల్లవాడు బడి విడిచి వెళ్ళిపోయాడు. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాను.