నిప్పుకోడి తిరిగిన మెట్టనేల

హైదరాబాద్ నుంచి విజయవాడకు పోయే జాతీయ రహదారిపై నార్కట్‌పల్లికీ నకిరేకల్‌కూ నడుమ ఉన్న కట్టంగూర్ పరిసరాల్లో బండలను పగలగొట్టి పక్షి శిలాజం కోసం వెతకడం వృథాప్రయాస. నల్లగొండ జిల్లాలో అధికభాగానికి పునాదిగా ఉన్న గ్రానైటు, నైస్ శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి కాగా, భూమి మీద పక్షి అనదగిన ప్రాణి పుట్టి సుమారు 15 కోట్ల సంవత్సరాలే అయింది. జర్మనీలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాయిలో 1861లో వెలుగు చూసిన ఆర్కియోప్టెరిక్స్ గానీ, చైనాలోని ఫుజియాన్ రాష్ట్రంలో దొరికి 2025లో ప్రకటితమైన బామినోర్నిస్ గానీ ఆ కాలానికే చెందుతాయి. వీటిలో మొదటిదానికి బల్లికున్నట్టు పొడుగాటి ఎముకల తోక ఉండగా, రెండవదానికి నేటి పక్షులకు మాదిరిగా చివరి వెన్నుపూసలు కలిసిపోయి పొట్టి తోక ఏర్పడటం వల్ల, పక్షిజాతి అప్పటికే పలు శాఖలుగా చీలిపోయిందన్న అభిప్రాయానికి బలం చేకూరింది.

కట్టంగూర్ నేల ఎముకను నిలుపుకోలేకపోవడానికి రాతి వయసు ఒక్కటే కారణం కాదు. గ్రానైటు ఎండకు పగిలి, వానకు నాని చివికినప్పుడు అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం బంకమట్టిగా మారుతుంది, పలుగురాయి మాత్రం మారకుండా ఇసుకగా మిగులుతుంది, ఇనుము తుప్పుపట్టి రెండింటికీ ఎర్రరంగు పులుముతుంది. రైతులు చెలక అని పిలిచే ఈ పలుచని ఎర్రనేలలో నీరు నిలవక కిందికి దిగిపోతుంది, దిగుతూ దిగుతూ సున్నపు పదార్థాన్ని వెంట తీసుకుపోతుంది. అటువంటి నేలలో పడిన పక్షి ఎముక, అదీ లోపల గుల్లగా ఉండే ఎముక, శిలాజంగా మారే దాకా మిగలడం అరుదు. అందుచేత ఈ మెట్టప్రాంతంలో ఒకప్పుడు ఏ పక్షులు తిరిగాయో తెలుసుకోవాలంటే, సున్నం పేరుకున్న ఒండ్రునేలలు ఉన్న ఇతర ప్రాంతాల వైపు చూడక తప్పదు.

అలాంటి ఆధారం కృష్ణకు దక్షిణాన ప్రకాశం జిల్లాలో దొరికింది. వడోదరలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయానికి చెందిన పురావస్తు పరిశోధకుడు దేవర అనిల్‌కుమార్, విదేశీ పరిశోధకులతో కలిసి జరిపిన తవ్వకంలో సుమారు 41,000 సంవత్సరాల నాటి నిప్పుకోడి గూడు బయటపడినట్టు 2024 జూన్‌లో వార్తలు వచ్చాయి. అడ్డం ఒక మీటరు, నిలువు ఒకటిన్నర మీటరు ఉన్న చోట దాదాపు 3,500 పెంకుముక్కలు లభించగా, అవి 9 నుంచి 11 గుడ్లవి కావచ్చని అంచనా వేశారు. విడి పెంకు ఒక్కటే దొరికితే దాన్ని వాగు కొట్టుకొచ్చిందనో, మనిషి నీళ్లు నింపుకోవడానికి మోసుకొచ్చాడనో అనుకునే వీలుంటుంది. ఇన్ని ముక్కలు ఒకే గుంటలో కలిసి ఉండటం మాత్రం, నిప్పుకోడి దారిన పోతూ ఆగిన అతిథి కాదనీ, ఆ నేల మీదే గుడ్లు పొదిగిన స్థానిక పక్షి అనీ చెబుతుంది. ఈ గూటి విలువ అంతా అక్కడే ఉంది.

నిప్పుకోడి పెంకును గుర్తించడం పెద్ద కష్టం కాదు. కోడిగుడ్డు పెంకు మిల్లీమీటరులో మూడో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటే, దీని పెంకు సుమారు రెండు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పైభాగం దంతంలా నున్నగా ఉండి, పిల్ల గాలి పీల్చుకోవడానికి ఉద్దేశించిన రంధ్రాలు సూదితో పొడిచిన చుక్కల్లా కనిపిస్తాయి. పెంకు దాదాపు పూర్తిగా సున్నపు స్ఫటికమే కావడం వల్ల, ఎముక కరిగిపోయిన చోట కూడా అది నిలుస్తుంది, ఆ స్ఫటికాల మధ్య చిక్కుకున్న డీఎన్ఏ తునకలు సైతం ఒక్కొక్కప్పుడు మిగిలి ఉంటాయి. రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో దొరికిన పెంకుల నుంచి అలాంటి తునకలను రాబట్టిన రూర్కీ ఐఐటీ, హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, అవి ఆఫ్రికా నిప్పుకోడికి దగ్గరి బంధువుకు చెందినవనీ, 25,000 సంవత్సరాలకు పైబడినవనీ 2017లో ప్రకటించారు.

ఈ పక్షి భారతదేశానికి ఎలా చేరిందన్న ప్రశ్నకు సమాధానం కాలంతో పాటు మారుతూ వచ్చింది. దక్షిణ ఖండాలన్నీ కలిసి ఉన్న గోండ్వానా విడిపోయినప్పుడు భారత భూఫలకమే నిప్పుకోడి పూర్వీకులను ఆసియాకు మోసుకొచ్చిందని ఒకప్పుడు కొందరు ఊహించారు. వినడానికి ముచ్చటైన ఊహే గానీ, నిప్పుకోడి ప్రజాతికి చెందిన పాత శిలాజాలు ఆఫ్రికాలో రెండు కోట్ల సంవత్సరాల నాటి పొరల్లో దొరకడం, హిమాలయ పాదాల వద్ద శివాలిక్ కొండల్లోనివి వాటికంటే చాలా తరువాతివి కావడం దానికి అనుకూలంగా లేవు. పైగా ఎగరలేని పెద్ద పక్షులన్నీ ఒకే ఎగరలేని మూలం నుంచి పుట్టాయన్న నమ్మకమే సడలింది. మడగాస్కర్‌లో అంతరించిన ఏనుగుపక్షికి అత్యంత సమీప బంధువు పక్కనున్న ఆఫ్రికా నిప్పుకోడి కాదనీ, సముద్రాల అవతల న్యూజిలాండ్‌లో కోడి పరిమాణంలో ఉండే కివి అనీ 2014లో డీఎన్ఏ పరీక్షలు తేల్చాక, వీటి పూర్వీకులు ఎగిరి వెళ్లి, చేరిన చోట విడివిడిగా ఎగరడం మానుకున్నాయన్న వాదనే ఇప్పుడు ఎక్కువ మందికి ఆమోదయోగ్యంగా ఉంది.

మరి అది ఇక్కడ ఎందుకు అంతరించింది? కర్నూలు ప్రాంతపు బేతంచెర్ల దగ్గరి బిళ్ళసర్గం గుహల్లో 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు జరిపిన తవ్వకాలను ఈ శతాబ్దపు పరిశోధకులు కొనసాగించి, గత రెండు లక్షల సంవత్సరాల్లో అక్కడి క్షీరదాలు దాదాపు అన్నీ ఉపఖండంలో నిలదొక్కుకున్నాయని 2014లో నిరూపించారు. దుప్పి, నీల్గాయి నిలిచిన చోట నిప్పుకోడి ఎందుకు నిలవలేదన్నది అందువల్ల మరింత చిక్కుప్రశ్న అయింది. నేరాన్ని మనిషి మీదికి నెట్టడం తేలికే. మహారాష్ట్రలోని పాట్నేలో గీతలు చెక్కిన నిప్పుకోడి పెంకు దొరికింది, మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కాలో అలాంటి పెంకుతో చేసిన పూసలు దొరికాయి. అయితే పాట్నే పెంకు సుమారు 25,000 సంవత్సరాల నాటిదని లెక్కిస్తారు, అంటే ప్రకాశం గూటికీ దానికీ నడుమ పదహారు వేల సంవత్సరాల పాటు మనిషీ నిప్పుకోడీ ఒకే ఉపఖండంలో కలిసే బతికారు. కర్నూలు ప్రాంతపు జ్వాలాపురంలో 35,000 సంవత్సరాల కిందట చిన్న రాతిపనిముట్లు పెరిగిన కాలంలోనే వాతావరణం పొడిబారిందని కూడా పరిశోధకులు చూపారు. నేల మీద బాహాటంగా గుడ్లు పెట్టే పక్షికి ఎండిన పచ్చికా, పెరిగిన జనమూ కలిసి వచ్చినప్పుడే ముప్పు ముదిరిందనుకోవడం సమంజసం.

గుడ్డును నేల మీదే పెట్టే మరో పెద్ద పక్షి బట్టమేకపిట్టకు కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడు ఒకప్పుడు పేరుపొందిన నెలవు, ఇప్పుడు అక్కడ దాని జాడ కనిపించడమే గగనమైంది. చిన్నదైన కలివికోడి 1900 తరువాత కనిపించక అంతరించిందనుకున్న దశలో, 1986లో కడప జిల్లా చిట్టడవిలో మళ్లీ దొరికింది. నిప్పుకోడి విషయంలో అలాంటి ఆశకు తావు లేదు, పైగా ఆ పేరు కూడా దాన్ని ఇక్కడ చూసినవారు పెట్టినది కాదు, ఎందుకంటే తెలుగు పుట్టేనాటికే ఆ పక్షి ఈ నేల విడిచి వేల సంవత్సరాలైంది. కట్టంగూర్ చెలకలో దాని ఎముక దొరకదు గానీ, మూసీ, హాలియా, డిండి గట్లు కోసుకుపోయిన చోట తెల్లని సున్నపు ఉండల నడుమ, రెండు మిల్లీమీటర్ల మందాన వంపు తిరిగి, ఒకవైపు సూదిచుక్కలున్న ముక్క ఉందేమో చూడవలసే ఉంది.