భోగపరిహాస కవిత్వం: ‘కార్మినా బురానా’, ‘క్రీడాభిరామం’ - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

భోగాన్ని వర్ణించే కవిత్వమంతా భోగాన్ని సమర్థించేది కాదు. ఈ వివేచన లోపించడం వల్లనే ‘క్రీడాభిరామం’ అశ్లీలమన్న ఆక్షేపణకు గురయింది. మధ్యయుగ లాటిన్ లౌకికగీతాల పక్కన నిలిపి చూస్తే ఈ కృతి స్వభావం స్పష్టమవుతుంది.

లాటిన్ లౌకికగీతాలు

1803లో జర్మనీలోని బవేరియా ప్రాంతంలో, బెనెడిక్ట్‌బోయెర్న్ మఠంలో ఒక రాతప్రతి లభించింది. 13వ శతాబ్దానికి చెందిన ఆ ప్రతిలోని గీతాలే ‘కార్మినా బురానా’గా ప్రసిద్ధి పొందాయి. వీటిలో ప్రణయం, మద్యం, జూదం, మతాధికారుల ధనాశ ప్రధాన వస్తువులు. చర్చి ప్రార్థనాక్రమాన్నే జూదరుల ప్రార్థనగా మార్చిన రచన కూడా ఇందులో ఉంది. ఇక్కడ కవి భోగిని దూరంనుంచి నిందించడు. భోగి గొంతుతోనే మాట్లాడి, ఆ గొంతులోని డొల్లతనాన్ని వినిపిస్తాడు.

క్రీడాభిరామం: పరిహాస పద్ధతి

రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ‘ప్రేమాభిరామం’ ఆధారంగా వినుకొండ వల్లభరాయుడు రచించిన వీథి ‘క్రీడాభిరామం’. ఇది శ్రీనాథుని కృతి అని వేటూరి ప్రభాకరశాస్త్రి వాదించారు. మూలమైన సంస్కృతకృతి నేడు అలభ్యం.

గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఒక రోజంతా ఓరుగల్లు వీథుల్లో తిరుగుతారు. ఒకడు శాస్త్రం చదివిన బ్రాహ్మణుడు, మరొకడు వర్తకుడు. దారిలో ఏకవీర గుడి, మైలారుదేవుని గొరగల సాహసాలు, కోడిపందెం, రూకకు భోజనం పెట్టే పూటకూటిల్లు, మాచల్దేవి చిత్రశాల ఒకదాని తరువాత ఒకటి ఎదురవుతాయి. దేవతకు మొక్కిన నోటితోనే మంచనశర్మ వేశ్యను కొనియాడతాడు. భక్తి, వీరం, భోజనం, కామం అన్నీ అతనికి సమానంగా వినోదాలే. పాండిత్యం భోగానికి ఊడిగం చేయడమే ఇక్కడి హాస్యానికి మూలం. కవి ఎక్కడా నీతి బోధించడు. పాత్రను మాట్లాడనిచ్చి ఊరకుంటాడు.

కృష్ణాతీరపు నేపథ్యం

ఓరుగల్లు వీథిలో పల్నాటి వీరగాథ పాడుతున్న స్త్రీని ఈ కృతి చూపుతుంది. పల్నాడు కృష్ణకు దక్షిణాన ఉంది. ఉత్తరపు ఒడ్డున నేటి జగ్గయ్యపేట, నందిగామల మెట్టసీమ ఉంది. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తండ్రి పేరిట జగ్గయ్యపేటను నెలకొల్పింది చాలా తరువాత. అయినా నదికి ఆవలి గాథ ఈవలి రాజధానిలో వినోదంగా నిలిచిందనడానికి ఈ పద్యాలే సాక్ష్యం. అశ్లీలమని వీటిని పక్కన పెడితే ఈ సాక్ష్యమూ పోతుంది.

ఉపసంహారం

ఓరుగల్లు 1323లో పతనమైంది. వల్లభరాయని తెలుగు కృతి ఆ తరువాతిది. కనుక అందులోని సందడి అప్పటికే గతించిన రాజధానిది. లాటిన్ గీతాల్లో భాగ్యచక్రం తిరగడాన్ని కవులు నేరుగా చెప్పారు. ఇక్కడ ఆ మాట చెప్పకుండానే చరిత్ర చెప్పింది. రెండు సంప్రదాయాలకు పరస్పర సంబంధం లేదు. అయినా భోగిని అతని మాటతోనే పట్టి ఇవ్వడంలో రెండింటి దారీ ఒకటే. అందువల్ల ‘క్రీడాభిరామా’న్ని భోగస్తుతిగా కాక, భోగపరిహాసంగానూ సాంఘికచరిత్రకు ఆధారంగానూ చదవడం సముచితం.